ప్రమాణము

గడచిన సంవత్సరము ఒక పాఠశాలలో జరిగిన విజ్ఞానప్రదర్శనమునకు మమ్ములను పరీక్షకులలో నొకరినిగా పిలిచిరి. అచ్చట తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలిక తాను చేసిన యుద్ధవిమానపు నమూనాను మా యెదుట నుంచినది. దానినిగూర్చి మేమానాడు చేసిన తీర్పు తప్పు. తప్పు మాదొక్కరిదే యైనచో దానిని పత్రిక కెక్కింప బనిలేదు. మన యిండ్లలోను, బడులలోను, సభలలోను నిత్యము జరుగుచున్న తప్పే యది గనుక వ్రాయుచున్నాము.

ఆ విమానము పేరు నాట్. ఇంగ్లండులో ఫోలండు సంస్థకై పెట్టర్ అను నిపుణుడు రూపకల్పన చేసిన చిన్న జెట్ విమానమిది. పిమ్మట బెంగుళూరు హిందుస్థాన్ కర్మాగారమున మనవారే దానిని తయారుచేసిరి. రెక్కల కొననుండి కొనకు కొలిచిన నించుమించు 22 అడుగులుండును. బాలిక చేసినది అసలులో 72వ వంతు; అనగా మూడున్నర యంగుళములకు కొంచెము పైన. అరచేతిలో నిముడును. ఈ కొలతలో ఒక్క మిల్లీమీటరు తప్పినచో అసలు విమానమున 72 మిల్లీమీటర్లు, దాదాపు మూడంగుళములు తప్పినట్లే.

అంగడిలో కొన్న పెట్టెలోని భాగములను ఆమె ఉన్నవి యున్నట్లు అతికింపలేదు. వానిని ఛాయాచిత్రములతో పోల్చిచూచినది. ముక్కు వంపు తప్పని కనిపెట్టి, పుట్టీ నింపి, ఆరిన పిమ్మట ఉప్పుకాగితముతో రుద్ది సరిచేసినది. చిత్రమున దగ్గరి వస్తువు పెద్దదిగాను, దూరపు వస్తువు చిన్నదిగాను కనబడును గనుక, నిజమైన కొలత తెలిసిన భాగమును ముందు పట్టుకొని తక్కినవానిని దానివలన లెక్కగట్టినది. ఇదంతయు ఒక నోటుపుస్తకమున వ్రాసి, రెండుచోట్ల ఎఱ్ఱసిరాతో "ఇది ఊహ" అని గుర్తుపెట్టినది. ఇరువదేండ్లుగా పాఠములు చెప్పుచున్నాము. తాను రూఢిగా నెఱుగనిదానిని ఎఱ్ఱసిరాతో గుర్తించుకొన్న విద్యార్థిని మేము మఱియొకరిని చూడలేదు.

మాతోడి పరీక్షకుడైన యొక పెద్దమనిషి విమానపు ప్రక్కనున్న సంఖ్యను చూచి, "అమ్మాయీ, ఇది ఎవరు నడిపిన విమానము?" అని యడిగెను.

"1965లో పాకిస్తానులో దిగినదండి. ఇప్పుడు కరాచీ ప్రదర్శనశాలలో నున్నది. దానికి అన్నివైపులనుండి తీసిన చిత్రములు దొరకినవి. కొలతలు సరిచూచుకొనుటకు వీలుగా నుండునని దానిని చేసితినండి."

ఆయన ముఖము ముడుచుకొనెను. "శత్రువు చేత జిక్కినదానిని చేయుదురా? ఆ సంఖ్య తీసివేసి సెఖోన్ గారి విమానపు సంఖ్య అంటింపుము. మొదటి బహుమతి నీదే."

బాలిక మావంక చూచినది. మేము, "మార్చిన నేమమ్మా, నాలుగంకెలే గదా" అంటిమి.

"నాలుగంకెలే నండి. కాని మార్చిన తరువాత ఇది ఏ విమానమగునండి?"

మాకు ప్రత్యుత్తరము తోచలేదు. బహుమతి మాత్రము థర్మోకోలుతో చేసి మువ్వన్నెలు పూసిన యొక రాకెట్టునకు పోయినది. అది ఏ రాకెట్టో చేసినవారికిని తెలియదు, ఇచ్చినవారికిని తెలియదు.

సంస్కృతమున ప్రమాణమను మాట కొలతకును చెల్లును, యథార్థజ్ఞానమునకు సాధనమైనదానికిని చెల్లును. తెలుగున దానికి ఒట్టు అను నర్థముకూడ గలదు. న్యాయస్థానమున సాక్షి చేయునది ప్రమాణమే, వడ్రంగి గీయునదియు ప్రమాణమే. ఈ మాటను మేము తరగతిలో ఎన్నియోమారులు వివరించియుంటిమి. దాని మూడర్థములును ఒక బాలిక చేతిలో నొక్కచోట కనబడిననాడు మేము వానిని గుర్తింపలేకపోతిమి. కొలతకు చేసిన నమూనా "అసలుది ఇట్లున్నది" అని చెప్పు సాక్ష్యము. సాక్షి యొక్క సంఖ్యను మార్చుమనుట కూటసాక్ష్యము పలుకుమనుటయే.

ఆ నాలుగంకెల వెనుకనున్న కథ యేమి? 1965 సెప్టెంబరు 3వ తేదీన స్క్వాడ్రన్ లీడర్ సికంద్ నడుపుచున్న నాట్ విమానము పాకిస్తానులోని పస్రూరు విమానరంగమున దిగినది. ఆయన యుద్ధఖైదీ యయ్యెను. దారితప్పి దిగెనని మనవారందురు, తమవారే బలవంతముగా దింపిరని వారందురు. అదేనాటి ఆకాశయుద్ధములోనే ట్రెవర్ కీలర్ ఒక సేబరు విమానమును కొట్టెనని మనవారు ప్రకటించి, వీరచక్రమిచ్చిరి. జయమనుకొన్నదియు, నష్టమును, ఒక్కదినమున, ఒక్కజాతి విమానములకు గలిగినవి. వీనిలో నొకదానిని పిల్లలకు చెప్పి రెండవదానిని దాచుట చరిత్ర చెప్పుట కాదు, మెప్పుకొఱకు కథ కట్టుట.

ఇక సెఖోన్ మాట. 1971 డిసెంబరు 14వ తేదీన శ్రీనగరు విమానరంగముపై ఆరు సేబరులు దాడిచేయుచుండగా, బాంబులు పడుచున్న దారిమీదనుండియే నాట్‌తో పైకి లేచి, వానితో పోరాడి ప్రాణములర్పించిన వీరుడు నిర్మల్‌జిత్ సింగ్ సెఖోన్. వాయుసేనలో పరమవీరచక్రము పొందినవారు ఆయన యొక్కరే. అట్టివాని కీర్తి మఱియొక విమానమునకు దొంగసంఖ్య అంటించినంగాని నిలువదా? ఆయన విమానమును చేయగోరినచో దానికి సంబంధించిన చిత్రములను వెదకి, దానినే చేయవలెను. ఏదో యొకదానికి ఆయన సంఖ్య నంటించి దండ వేయుట ఆ వీరునికి గౌరవమని మేమొప్పుకొనము.

"పరీక్షలకు చదువుకొనక ఈ బొమ్మలాట లేల?" అనెడి తల్లిదండ్రులు కొందఱు గలరు. ఇది ఆటయైనను, కొలత తప్పినచో ఏమగునో వారెఱుగవలెను. 1939 సెప్టెంబరు 6వ తేదీన, ఇంగ్లండు యుద్ధములోనికి దిగి మూడుదినములైన గాకమునుపే, ఆ దేశపు స్పిట్‌ఫైరులు తమ దేశపు హరికేనులనే శత్రువులని భ్రమించి రెండింటిని కూల్చివేసినవి. హల్టన్-హారప్ అను యువవైమానికుడు మరణించెను. ఆ యుద్ధమున ప్రాణముగోల్పోయిన మొదటి ఇంగ్లీషు యుద్ధవిమానచోదకు డాతడే, చంపినది స్వజనము. విమానమును రూపమునుబట్టి గుర్తింపలేకపోవుట యెంత ఘోరమో ఇట్టివానివలన తెలిసినది.

1942 ఆరంభమున అమెరికా నౌకాదళము పాఠశాలల బాలబాలికలను 5,00,000 విమాననమూనాలు చేసి యిమ్మని కోరినది. అవన్నియు 72వ వంతు కొలతవి, కొయ్యతో చేసి నల్లరంగు పూసినవి. అట్టి నమూనాను ముప్పదియైదడుగుల దూరమున నుంచి చూచినచో, అసలు విమానము దాదాపు అరమైలు దూరమున నెట్లు కనబడునో అట్లే కనబడును. 35ను 72తో గుణించిన 2,520 అడుగులు గదా. రెక్కమొన గుండ్రమా, చదరమా యన్న భేదమును బాలుడు ఆకురాయితో సరిగా దింపినచో నేర్చుకొన్న సైనికుడు సరిగా నేర్చుకొనును. దింపనిచో తనవానినే కాల్చును. మా పాఠశాలలలో లెక్కల పుస్తకమందలి నిష్పత్తి మార్కులతో ముగియును. ఆ పిల్లల చేతులలో నిష్పత్తికి మనుష్యుల ప్రాణములతో సంబంధముండెను.

ఈ యాక్షేపణ క్రింద మఱియొక దురభిమానము దాగియున్నది. చేతిపని తక్కువదని మన విద్యావంతులు లోలోపల నమ్ముదురు. కొండపల్లిలో పొణికికఱ్ఱను చెక్కు వానిని, ఏటికొప్పాకలో అంకుడుకఱ్ఱకు లక్కరంగు పట్టించు వానిని సభలలో పొగడి, తమ పిల్లవాడు కత్తి పట్టినచో వాని భవిష్యత్తు చెడెనని విలపింతురు. ఆ బాలిక మేనత్త ప్రదర్శనమున మాతో, "ఆడపిల్లకు ఈ కత్తులు, జిగురులు, యుద్ధవిమానము లేమిటండి మాస్టారూ?" అనినది. 2016 జూను మాసమున ముగ్గురు యువతులు మన వాయుసేనలో యుద్ధవిమానచోదకురాండ్రుగా చేరిరి. విమానమును నడుపుటకు తగిన చేతికి మూడంగుళముల నమూనా తగదా?

ఇంతకంటె బలమైన యాక్షేపణ మఱియొకటి గలదు. దానిని తేలికగా త్రోసివేయజాలము. "ఇవి మనుష్యులను చంపు యంత్రములు. వీనిని అందముగా చేసి అద్దాల బీరువాలో నుంచినచో పిల్లల మనస్సులు హింసకు అలవాటుపడవా?" అని శాంతిప్రియులైన మిత్రులడుగుదురు. పడవచ్చును. బీ-29 అను బాంబరును 72వ వంతున చేసినచో రెక్కలు ఇరువదిమూడున్నర యంగుళములుండును. వెండివలె మెఱయును, చూచుటకు ఠీవిగా నుండును. 1945 ఆగస్టు 6వ తేదీన హిరోషిమాపై అణుబాంబు వేసిన ఎనోలా గే ఈ జాతిదే. ప్రతి మేకును లెక్కించి అతికించి, ఆ విమానము చేసినపనిని ఒక్కమాటయైన చెప్పనివాడు యథార్థముగా చేసితినని చెప్పుకొన దగునా? తగదు. మా మిత్రులతో అంతవరకు మే మేకీభవింతుము. అందులకు వారు సూచించు మందు మాత్రము నిషేధము. మేము కోరునది సంపూర్ణమైన యథార్థము.

మౌనము పెద్దలకును అలవాటే. వాషింగ్టనులోని జాతీయ వైమానిక ప్రదర్శనశాలవారు ఎనోలా గేను, క్రింద కాలిన నగరపు వస్తువులతోను వివరణములతోను ప్రదర్శింపదలచిరి. వెనుకటి సైనికులును, రాజకీయనాయకులును పెద్దయెత్తున నిరసించిరి. 1995 జనవరిలో ఆ యేర్పాటు రద్దయ్యెను. ఆ వేసవిలో విమానపు మొండెము ప్రదర్శింపబడెను. హిరోషిమా వస్తువులు మాత్రము రాలేదు. ఇది మన పెద్దమనిషి యడిగిన కోరికయే, వేయిరెట్లు పెద్దదిగా. ఒకచోట సంఖ్యను చెరుపుమనిరి, ఒకచోట చచ్చినవారిని చెరిపిరి.

మనకును ఇది పరదేశపు ముచ్చట కాదు. 1942 ఏప్రిలు 6వ తేదీన జపానువారి ర్యూజో అను విమానవాహకనౌకనుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ విమానముల ఆకారమెట్టిదో మన తీరాంధ్రపు పిల్లలలో ఎందఱెఱుగుదురు? అట్టి విమానమొకటి కొలతకు చేసి, తేదీ వ్రాసి, ఆ యూరి పాఠశాలలో నుంచినచో యుద్ధమన నేమో పదిపుటల పాఠముకంటె బాగుగా తెలియును.

జపానులోనే శిజువోకా యను నగరము గలదు. 1945 జూను 20వ తేదీ తెల్లవారుజామున బీ-29లు దానిని కాల్చివేసినవి. ఇంచుమించు రెండువేలమంది మరణించిరి. ఆ దాడిలోనే రెండు బాంబరులు ఆకాశమున ఢీకొని 23మంది అమెరికనులు చచ్చిరి. ఆ యూరివాడొకడు తనవారిని పాతిపెట్టినట్లే వారిని గూడ పాతిపెట్టెను. ఇరువురకును అచ్చటి కొండమీద స్మారకములున్నవి. నేడు తమియా మొదలగు నమూనాల తయారీదారు లుండునది ఆ నగరముననే. తమ దేశపు విమానములనే గాక, తమతో పోరాడిన అమెరికా యుద్ధవిమానములను గూడ అంతే శ్రద్ధతో, అంతే కొలతతో వారు చేయుచున్నారు. ఇల్లు కాలినవారు శత్రువు యంత్రమును సరిగా కొలువగలిగిరి. మనము మన విమానపు నాలుగంకెలను చూచి ఓర్వలేకపోతిమి.

కావున మా కోరికలు కొన్ని. ఇంట పిల్లలు ఇట్టి నమూనాలు చేయబూనినచో అడ్డుపడకుడు. ఆడపిల్లలకు అసలే యడ్డుపడకుడు. ఒక మూల బల్లయు, మంచి వెలుతురును, గాలి వచ్చు కిటికీయు నిండు. జిగురు వాసనకు గాలి యవసరము. "ఎప్పుడు ముగియును?" అని యడుగక "ఎట్లు తెలిసినది?" అని యడుగుడు. పాఠశాలలవారు ప్రతి నమూనాక్రింద ఒక చీటి నుంచవలెనని నియమింపవలెను. దానిపై కొలత యెంతవంతో, ఏ చిత్రములనుబట్టి చేసిరో, ఏది ఊహయో, ఆ విమానము ఎప్పుడు, ఎక్కడ, ఎవరిపై, ఏమి చేసెనో యుండవలెను. మెఱుపునుజూచి కాక ఆ చీటినిజూచి బహుమతి యీయవలెను.

ప్రదర్శనమైన నెల దినములకు మేమా బాలిక యింటికి పోయి, మా మాట తప్పని యామె తల్లిదండ్రుల యెదుట నొప్పుకొంటిమి. నమూనా బీరువాలో నున్నది. మార్చినదేమో యని భయపడుచు వంగి చూచితిమి. ఆ నాలుగంకెలును అట్లేయున్నవి. నోటుపుస్తకము తెఱచి చూపినది. ఎఱ్ఱసిరా గుర్తులు రెండింటిలో నొకదానిని కొట్టివేసి, ప్రక్కన క్రొత్తకొలత వ్రాసియున్నది. "చిత్రము దొరకినదండి" అనినది. రెండవదానికై యింకను వెదకుచున్నది.