ఇంటి మాట, బడి మాట

ఒట్టన్‌చత్రం కూరగాయల మార్కెట్టుకు పేరు పొందిన ఊరు. ఇక్కడినుండి కేరళకు లారీలు వెళ్తుంటాయి. ఈ ప్రాంతంలో తరతరాలుగా ఇంట్లో తెలుగు మాటలాడే కుటుంబాలున్నాయి. అటువంటి ఇంటి బిడ్డ 'టమాటా'కు బదులు 'తక్కాళి' అనీ, 'ఉంది'కి బదులు 'ఉండాది' అనీ వ్రాసిందనుకొందాం. ఎఱ్ఱసిరాతో కొట్టివేయడం సులభమే. కాని ఆ గీత మాటమీదనే పడదు. ఆ మాట నేర్పిన అవ్వమీద కూడ పడుతుంది. మరునాటినుండి ఆ బిడ్డ నోరు విప్పదు.

గిడుగు రామమూర్తి పంతులు (1863–1940) పర్లాకిమిడి ప్రాంతంలో సవర పిల్లలకు చదువు చెప్పదలచి, ముందు తానే సవరభాష నేర్చుకొన్నారు. ఆ భాషలోనే పుస్తకాలు వ్రాశారు. మన ఉపాధ్యాయులకు అంత శ్రమ లేదు. ఇంటి మాటను ఉండనిచ్చి, ప్రక్కన పుస్తకపు మాట వ్రాస్తే చాలు. “అయితే తప్పులు ఎప్పుడు పోతాయి?” అని కొందరు అడుగుతారు. పిల్లలు జంకు లేకుండ పది వాక్యాలు వ్రాస్తే దిద్దవచ్చును, తెల్లకాగితంలో దిద్దడానికేముంది?

ఇక కునికిపాట్లు పడే పిల్లవాని సంగతి. బెంచీ ఎక్కించేముందు, తిన్నాడో లేదో అడగాలి. 2022 సెప్టెంబరు 15న మదురైలో, ప్రాథమిక పాఠశాలల పిల్లలకు ఉదయపు అల్పాహార పథకం మొదలైంది. ఆకలి కూడ చదువుకు సంబంధించినదే అని ప్రభుత్వం ఒప్పుకొన్నట్లే కదా! అయితే తెల్లవారుజామున తోటలో కాయలు కోసివచ్చిన వానికి తిండితోపాటు కాసేపు విశ్రాంతి కూడ కావాలి. ఆ సంగతి అడిగితేనే తెలుస్తుంది. అదీ తరగతి అంతా వినేటట్లు కాదు, వరండాలోకి పిలిచి అడగాలి.