పూచీ ఎవర్ని అడుగుతారు?

మా నాయన కుట్టిన చెప్పులేసుకునే ఊరు నడిచింది. గింజలు కొలిచారు గానీ రేటు కట్టలేదు. తోలు మాదిగోడి చేతిలో ఉంటే అంటు. షావుకారు చేతికెళ్తే పరిశ్రమ!

1974లో ఎస్సీ కార్పొరేషన్ పెట్టారు. 2016లో స్టాండప్ ఇండియా తెచ్చారు. బ్యాంకు బ్రాంచికి కనీసం ఒక్క ఎస్సీకో ఎస్టీకో 10 లక్షల నుంచి కోటి దాకా అప్పన్నారు. సొంత సొమ్ము 10 శాతమన్నా పెట్టమన్నారు. వాడలో లక్ష ఎక్కడ పుడుద్ది?

మా వాడ ఆడోళ్లు చెప్పుల యూనిట్ కోసం జగ్గయ్యపేట, నందిగామ బ్యాంకుల చుట్టూ తిరిగితే "ఉద్యోగస్తుణ్ణి పూచీ తెచ్చుకోండి" అన్నారు. తరాలుగా మాకు సెంటు భూమి దక్కనీయని సమాజం ఇప్పుడు పూచీ అడుగుద్దా? వాడంతటికీ ఒక్క పంతులు జీతమే ఆస్తా?

శిక్షణ ఇస్తారట! తోలుపని మాకే నేర్పుతారా? 2020లో సర్కారు బడిపిల్లలకి బూట్లివ్వడం మొదలెట్టింది. ఆ ఆర్డరు మా ఆడోళ్లకివ్వండి. మా పిల్లల కాళ్లకి మేం కుట్టలేమా?