మ్యూజియము చూచుట మ్రొక్కుబడియా?

ఏటేట బడులవారు పిల్లలను ఎగ్మూరు మ్యూజియమునకు తీసికొనిపోవుచున్నారు. బారులు తీర్చి నడిపింతురు, మాటలాడవద్దందురు, ప్రక్కన అంటించిన చీటీల మీది వ్రాతను నోటుపుస్తకములలో ఎక్కించుకొమ్మందురు, పులిహోర పొట్లములు విప్పించి ఇంటికి చేర్తురు. దీనికి చరిత్రపాఠమని పేరు! 1851లో వెలసిన ఆ సంస్థను చెన్నపట్టణపు సామాన్యజనులు 'చచ్చిన కాలేజీ' అనియు, జంతుప్రదర్శనశాలను 'బ్రతికిన కాలేజీ' అనియు పిలిచెడివారు. ఆ మొదటి పేరును నిజము చేయుచున్నది ఈ తంతే.

అచ్చట అమరావతి శిలలున్నవి. తెలుగు పిల్లవానికి అంతకు మించిన చరిత్రగ్రంథము ఈ పట్టణమున లేదు. పాఠ్యపుస్తకము శాతవాహన రాజుల పేర్లు వల్లె వేయించును. అమరావతి దానశాసనములలో కనబడువారు వేరు: గృహస్థులు, వర్తకులు, భిక్షుణులు, సుగంధద్రవ్యములమ్మువాడు. విధికుడను చర్మకారుడు తన కుటుంబముతో కూడి పూర్ణఘటపు పలకను దానమిచ్చినాడు. "అయితే స్తూపమును కట్టించినదెవరు?" అని పిల్లవాడు అడుగవలెను. ఆ ప్రశ్న పుట్టనిచో బస్సు ఖర్చు దండుగ.

గుంటూరు సీమ రాళ్లు ఇక్కడికేల వచ్చెను? కొన్ని లండనులో ఏల ఉన్నవి? తెల్లవాడు దోచినాడని ఒక జవాబు, తెల్లవాడు కాపాడినాడని మరొకటి. రెండును బట్టీ జవాబులే. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు క్రొత్త పట్టణము కట్టించునపుడు ఆ దిబ్బను త్రవ్వి రాళ్లు పెరికిరి. 1816లో మెకంజీ బొమ్మలు గీయించినాడు. 1845లో ఎలియట్ త్రవ్వించి చెన్నపట్టణమునకు చేర్చిన రాళ్లలో కొన్ని 1859లో ఓడనెక్కినవి. ఎవరు దొంగయో, ఎవరు రక్షకుడో పిల్లలనే వాదించుకొననిండు. ముప్పదియైదేండ్లు దస్త్రములు చూచినవాడను. కాగితము మీదనున్నదంతయు నిజమని నమ్మిన గుమాస్తా ఎన్నాళ్లు నిలుచును?

మన సంఘములో కొందరికి ఈ మాట రుచింపదు. పూర్వవైభవము చెప్పుటకే పిల్లలను తీసికొనిపోదము, శంకలెందులకు అందురు. తరతరములుగా ఇక్కడ పాతుకొన్న మనకు భాష నిలుపుకొనుటకు అభిమానము కావలెను, కాదనను. కాని ఆ శాసనముల భాష ప్రాకృతము, లిపి బ్రాహ్మి. వానిలో 'నాగబు' అను ఒక్క మాటను చూపి, తొలి తెలుగు పదమని సభలలో చప్పట్లు కొట్టించుకొందుము. ఒక్క మాటతో ఏమి తేలునో, ఏమి తేలదో పిల్లలకు ఎన్నడైన చెప్పితిమా? రేపు తోటి తమిళ విద్యార్థి అడిగినపుడు మన పిల్లవాడు నోరు వెళ్లబెట్టవలెనా?

ఉపాధ్యాయుడు ముందుగా తానొక్కడే పోయి చూచి రావలెను. ఒక పూటకు ఒక్క రాయి చాలును. మొదట రాతిని చూచి తోచినది వ్రాయనిండు. చీటీ చివర చదువనిండు. పెరంబూరు నుండి ఎగ్మూరు ఎంత దూరము గనుక? వచ్చు సెలవులలో పదిమంది పిల్లలతో బయలుదేరుటకు నేను సిద్ధము. బస్సు ఖర్చు మాత్రము సంఘము భరింపవలెను.