విరగ్గొట్టడానికే కొన్న కత్తి

అండమాన్ దీవులలో బ్రూక్షాబాద్ అనే ఊరు ఉంది. 2024లో శ్రీవిజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌కు అది చేరువలోనే ఉంటుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మంది తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాల నుండి తరలివచ్చిన మత్స్యకార కుటుంబాలు వీరిలో అనేకం. చేప కోయడానికి, కొబ్బరికాయ వలవడానికి, పొద నరకడానికి కత్తి లేని ఇల్లు అటువంటి చోట కనిపించడం అరుదు.

ఆ ఊరి యువకుడొకడు నెల జీతం పోసి ఒక విదేశీ కత్తిని తెప్పించాడనుకుందాం. మిత్రులను పెరట్లోకి పిలిచి, దానిని రాతిమీద బాది, ఇనుపకడ్డీ మీద కొట్టి, చివరకు వైసులో బిగించి రెండు ముక్కలయ్యేవరకు వంచాడనుకుందాం. ఈ వినోదం ఈనాటి లోకానికి కొత్తది కాదు. ఖరీదైన కత్తులను కెమెరా ముందు విరగ్గొట్టేవారు, దానిని రెప్పవాల్చక చూసేవారు అనేక దేశాలలో ఉన్నారు. గుమ్మంలో కూర్చున్న మామ్మ, "విరగ్గొట్టడానికే కొన్నావట్రా?" అని అడుగుతుంది. "డబ్బు నాది, కత్తి నాది. ఇందులో ఎవరికి నష్టం మామ్మా?" అంటాడు మనవడు.

మనవడి మాటను తేలికగా కొట్టివేయడానికి వీలులేదు. కత్తి చేసినవానికి కూలి ముట్టింది, అమ్మినవానికి లాభం ముట్టింది. దీపావళినాడు మందుగుండు కాల్చి బూడిద చేసేవారిని ఎవరూ నేరస్థులని అనరు. సినిమా టిక్కెట్టుకు పెట్టిన సొమ్ము మూడు గంటలలో మాయమవుతుంది. అయినా దానిని దుబారా అనేవారు కొద్దిమందే. అలాంటప్పుడు కత్తి మాత్రమే చేసిన పాపమేమిటి?

ఈ వాదానికి ఫ్రెంచి ఆర్థికవేత్త ఫ్రెడెరిక్ బాస్టియా 1850లోనే ఒక సమాధానం చెప్పాడు. దుకాణదారుని కొడుకు కిటికీ అద్దాన్ని పగులగొట్టాడు. దాన్ని బాగుచేసినవానికి పని దొరికింది కనుక మంచిదే జరిగిందని చూపరులు అన్నారు. అద్దం పనివాని రాబడి అందరికీ కనిపిస్తుంది. అదే డబ్బుతో దుకాణదారుడు కొనుక్కోగలిగి ఉండి, కొనుక్కోలేకపోయిన జోళ్ళు ఎవరికీ కనిపించవు అన్నాడు బాస్టియా. కత్తి విషయమూ అంతే. చేసినవానికి సొమ్ము ఎలాగూ ముట్టేది. విరగ్గొట్టకపోతే సొమ్ముతోపాటు కత్తి కూడా లోకంలో మిగిలి ఉండేది.

ఇనుము విలువ ఎంతటిదో తెలుసుకోవడానికి ఆ యువకుడు దూరదేశాలకు వెళ్ళనక్కరలేదు. అండమాన్ ఆదివాసులకు ఖనిజాన్ని కరిగించి ఇనుము తీసే విద్య లేదు. ఒడ్డుకు కొట్టుకువచ్చిన నౌకల శకలాలనుండి దొరికిన ఇనుమును వారు చల్లగా ఉండగానే కొట్టి, రాతిపై నూరి, బాణపు ములుకులుగా, వాచి వంటి పనిముట్లుగా మలచుకున్నారు. ఒక్క మేకు కూడా వారికి సంపదే.

పోర్ట్ బ్లెయిర్‌కు పడమరగా సుమారు 50 కిలోమీటర్ల దూరాన ఉన్న ఉత్తర సెంటినెల్ ద్వీపవాసుల ఉదంతం మరింత విశేషమైనది. 1974లో ఒక చలనచిత్ర బృందం, మానవశాస్త్రజ్ఞులు ఆ ద్వీప తీరంలో కొన్ని కానుకలు ఉంచారు. వాటిలో ఒక ఆటకారు, ఒక బొమ్మ, కొన్ని కొబ్బరికాయలు, అల్యూమినియం వంటపాత్రలు, బ్రతికి ఉన్న పంది ఒకటి ఉన్నాయి. ద్వీపవాసులు పందినీ బొమ్మనూ ఈటెలతో పొడిచి ఇసుకలో పాతిపెట్టారు. కొబ్బరికాయలనూ పాత్రలనూ మాత్రం సంతోషంగా తీసుకువెళ్ళారు. వారి మనసులోని మాట ఏమిటో బయటివారెవరికీ తెలియదు. పనికివచ్చేది ఏదో, కానిది ఏదో నిర్ణయించడంలో మాత్రం వారు తడబడలేదు. 1981 ఆగస్టులో ప్రిమ్‌రోజ్ అనే సరకుల నౌక ఆ ద్వీపం పగడపు దిబ్బపై చిక్కుకుపోయింది. నావికులను హెలికాప్టరులో రక్షించారు. నౌక యజమానులకు అది పాడైపోయిన ఆస్తి. ద్వీపవాసులకు అది ఇనుప గని అయింది. ఒకరు వదిలివేసిన శిథిలం మరొకరికి ములుకు అయినప్పుడు దానిని వృథా అనడం ఎలా?

విరగడమే వృథా కాదని దీనినిబట్టి తేటపడుతుంది. తెలుగునాటి ఉక్కు చరిత్ర ఇదే విషయాన్ని మరొక వైపునుండి చెబుతుంది. నిజామాబాద్ ప్రాంతంలోని కోనసముద్రంలో పూర్వం మట్టిమూసలలో ఇనుమును గంటల తరబడి కాచి గొప్ప ఉక్కు తీసేవారు. దానిని కొనడానికి పర్షియా వర్తకులు ఆ ఊరికే వచ్చేవారని హెన్రీ వాయ్‌సీ వ్రాసిన వృత్తాంతం 1832లో ప్రచురితమైంది. దక్షిణభారతపు ఈ మూస ఉక్కే పడమటి దేశాలలో డమాస్కస్ కత్తులుగా ప్రసిద్ధికెక్కింది. కాలక్రమాన ఆ విద్య అంతరించిపోయింది. దాని మర్మం తెలియాలంటే మిగిలిన కత్తులనే కోయవలసి వచ్చింది. హెన్రీ మోజర్ అనే స్విట్జర్లాండు సేకర్త తన భాండారంలోని అమూల్యమైన కత్తులు కొన్నింటిని ఇందుకోసం ఇచ్చాడు. వాటిని కోసి చేసిన పరిశోధన ఫలితాలను చోకే అనే శాస్త్రజ్ఞుడు 1924లో ప్రకటించాడు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ శాస్త్రజ్ఞులు 17వ శతాబ్దపు ఖడ్గం ముక్కను ఆమ్లంలో కరిగించి, అందులో అతిసూక్ష్మమైన కార్బన్ నాళికలు కనిపించాయని తెలిపారు.

అంతటి కత్తిని కోసినవారిని దుబారా మనుషులని ఎవరూ అనలేదు. ఒక ముక్క పోయింది. అంతకు మించిన జ్ఞానం మిగిలింది. లోహాల కర్మాగారాలలో ప్రతినిత్యం జరిగేది కూడా ఇదే. చార్పీ పరీక్షలో బరువైన లోలకంతో ఉక్కు ముక్కను ఒక్క దెబ్బకు విరగ్గొట్టి, అది దెబ్బకు ఎంతవరకు ఓర్చుకుంటుందో కొలుస్తారు. పరీక్షశాలలో ఒక ముక్క విరుగుతుంది కనుకనే బయట వంతెన నిలుస్తుంది.

జ్ఞానం కోసం కాక, గౌరవం కోసం విరగ్గొట్టడమూ ఉంది. నికోబార్ దీవులలో పూర్వం మరణించినవారి సామగ్రిని పనికిరాకుండా విరిచి సమాధివద్ద ఉంచే ఆచారం ఉండేది. ఐరోపాలోని ప్రాచీన సమాధులలో కావాలని వంచిపెట్టిన ఖడ్గాలు ఎన్నో దొరికాయి. బ్రతికినవారికి ఉపయోగపడేదే అయినా పోయినవారి పేరిట వదులుకోవడంలో ఒక త్యాగం ఉన్నది. వస్తువు విలువ తెలిసినవారే ఆ పని చేయగలరు.

ఇక పెరట్లోని కత్తి దగ్గరకు వద్దాం. అక్కడ చేరిన మిత్రులు నిజంగా దేనిని చూసి ఆనందించారు? సంతలో కొన్న చవుక కత్తిని విరిచి ఉంటే వారిలో ఎందరు కూర్చుని చూసేవారు? విరగడంలో ఉన్న తమాషా రెండింటికీ ఒకటే. తేడా వెలలో మాత్రమే ఉన్నది. అనగా, ఆ సాయంత్రం వారు ఆనందించినది కత్తిని కాదు, దాని ఖరీదును. ఎదుటివారు కొనలేనిదానిని మనం పారవేయగలమన్న గర్వమే ఆ వినోదానికి రుచి. మందుగుండుకూ దీనికీ భేదం ఇక్కడే ఉంది. మందుగుండు కాలడం కోసమే పుట్టింది. కాలినప్పుడే దాని పని పూర్తవుతుంది. కత్తి కోయడానికి పుట్టింది. దానికి పదును పెట్టినవాని నేర్పు ఒక్క కూరముక్కనైనా తరగకుండానే ముగిసిపోయింది.

ఇదే తూనికతో తూచితే మరొక దోషి కూడా దొరుకుతాడు. అదే కత్తిని మఖమలు పెట్టెలో పెట్టి, ఇరవై ఏళ్ళు బీరువాలో దాచి, వచ్చినవారికి ధర చెప్పి మళ్ళీ తాళం వేసేవాడు. అతడు కత్తిని కాపాడినట్లే కనిపిస్తాడు. కాని అతడు అనుభవించేది కూడా ఖరీదునే. విరగ్గొట్టినవాడు ఒక్క గంటలో చేసినదానిని ఇతడు ఇరవై ఏళ్ళలో చేస్తున్నాడు. అరిగి అరిగి సగమైన మామ్మ కత్తిపీట ఈ రెండింటికంటె ధనవంతమైనది. ఎన్ని పూటల అన్నం దాని అంచుమీదుగా నడిచి వచ్చిందో!

కనుక మనవనిపై చట్టం అక్కరలేదు, శాపనార్థాలు అసలే అక్కరలేదు. రెండు ప్రశ్నలు చాలు. విరిగిన తరువాత ఏమి మిగిలింది? అది ఎవరికి మిగిలింది? కత్తి ఎక్కడ, ఎందుకు విరిగిందో గమనించి, దానిని నమ్మి అడవికో సముద్రంమీదకో వెళ్ళేవారికి ఆ సంగతి చెప్పితే, అతడు డబ్బు పోసి పాఠం కొన్నట్లే. నవ్వు తప్ప మరేమీ మిగలకపోతే అది దుబారాయే. అతని సొమ్ము కావడంవల్ల మాత్రం అది మరొకటి కాబోదు.

అయినా ఆలస్యమైపోలేదు. ఉక్కు విరిగినంత మాత్రాన చచ్చిపోదు. పిడివైపు మిగిలిన ముక్కను సాన పట్టించి కొన తీయిస్తే, చేపల పొలుసు తీయడానికి చక్కని చిన్నకత్తి అవుతుంది. అది మామ్మ చేతికి అందిననాడు ఆమె ప్రశ్నకు కొంతైనా జవాబు చెప్పినట్లవుతుంది.