పక్కవారి పీల్పు మనకొద్దు

జమ్మలమడుగు వైపు నాపరాయి పాలిష్ యూనిట్లు, పులివెందుల వైపు ముగ్గురాయి గనులు, ప్రొద్దుటూరులో పత్తి మిల్లులు. ఆ దుమ్ములో ఏళ్లతరబడి పనిచేసినవారికీ, కట్టెల పొయ్యి ముందు కూర్చున్నవారికీ, బీడీ మానలేనివారికీ ఆయాసం కొత్త కాదు. డాక్టరు ఇన్‌హేలర్ రాస్తారు. చిక్కంతా ఆ తర్వాతే. 'అన్నా, పోయినసారి ఇచ్చిండేదే ఇయ్యి' అంటూ పాత చీటీతో నెలల తరబడి కొంటారు. తండ్రిది కొడుకు, అత్తది కోడలు పీల్చేవాళ్లూ ఉన్నారు.

చాలామందికి రాసేది రెండు మందులు కలిపినది. ఒకటి బిగుసుకున్న శ్వాసనాళాలను వదులు చేస్తుంది. రెండోది స్టెరాయిడ్, లోపలి వాపును తగ్గిస్తుంది. మొదటిదాని సుఖం త్వరగా తెలుస్తుంది. రెండోది చడీచప్పుడు లేకుండా రోజులు, వారాల మీద పనిచేస్తుంది. అది తెలియకే 'తగ్గింది కదా' అని ఆపేస్తారు. ఉబ్బసంలో అసలు రోగం ఆ వాపే! స్టెరాయిడ్ తోడు లేకుండా సాల్మెటరాల్ వంటి మందు వాడితే ఉబ్బసం రోగుల ప్రాణాలకే ముప్పని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2003లో పెట్టెల మీద హెచ్చరిక వేయించింది. రెండూ కలిపిన మందుపై దాన్ని 2017లో తీసేసింది.

పొగ, దుమ్ము వల్ల వచ్చే సీవోపీడీ సంగతి వేరు. అందులో స్టెరాయిడ్ అందరికీ అవసరం ఉండదు. పైగా న్యుమోనియా ముప్పు కొంత పెరుగుతుంది. జ్వరం వచ్చినా, కళ్లె రంగు మారినా డాక్టరుకు చూపించాలి.

మరి ఆయాసం ఎగదన్నినప్పుడు ఇదే ఇంకోసారి పీల్చొచ్చా? పెట్టె మీద పేరు చూడాలి. సాల్మెటరాల్ ఉన్నది అందుకు పనికిరాదు, నిదానంగా పనిచేస్తుంది. ఫార్మోటెరాల్, బ్యుడెసొనైడ్ కలిసినదాన్ని ఉబ్బసానికి అప్పటికప్పుడు కూడా వాడొచ్చని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోజుకు ఎన్నిసార్లన్నది మాత్రం డాక్టరు చీటీ మీద రాయించుకోవాలి.

పీల్చే క్యాప్సూల్‌ను మాత్ర అనుకుని నీళ్లతో మింగేసే పెద్దవాళ్లూ ఉన్నారు. పొడి మందును గట్టిగా, వేగంగా లాగాలి. స్ప్రేను బాగా కదిపి, నొక్కుతూ నెమ్మదిగా పీల్చాలి. చెయ్యి, ఊపిరి కుదరనివారికి స్పేసర్ గొట్టం మేలు. ఏదైనా పది సెకన్లు ఊపిరి బిగబట్టి, తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి. లేకుంటే నాలుక మీద తెల్లమచ్చలు, గొంతు బొంగురు.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం కనిపిస్తే ఇంట్లో మందు వెతుకుతూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.