ఇచ్చిపుచ్చుకునే చదువులో మనం ఇచ్చేదేమిటి?

బెంగళూరు ఇందిరానగరంలోని మాక్స్‌ముల్లర్ భవన్‌లో జర్మన్ నేర్చుకోవడానికి చేరుతున్న తెలుగు యువతీయువకులను చూస్తే ఒకవైపు సంతోషం, మరొకవైపు బాధ కలుగుతాయి. మూడు లింగాలకు మూడు ఉపపదాలున్న కొత్త భాషను ఇరవయ్యేళ్లు దాటాక పట్టుదలతో నేర్చుకుంటున్నారు గనుక సంతోషం. అదే యువకుడు నాలుగేళ్లు బెంగళూరులో ఇంజనీరింగు చదివి కూడా ‘కన్నడ గొత్తిల్ల’ అన్న ఒక్క వాక్యం దాటి కన్నడం మాట్లాడలేడు గనుక బాధ. తెలుగు పత్రిక చేతికిస్తే శీర్షికలు కూడబలుక్కుని పక్కన పెడతాడు. ఈ రెండు లోటులూ వేరువేరని అనుకుంటున్నాం. నిజానికి రెంటికీ వేరు ఒక్కటే.

విదేశీ చదువులో ‘ఎక్స్‌చేంజి’ అన్న మాట ఇవాళ కళాశాలల ప్రకటనల్లో మెరుస్తోంది. బన్నేరుఘట్ట రోడ్డులోని ఐఐఎం మొదలుకొని అనేక బెంగళూరు సంస్థలకు విదేశీ విశ్వవిద్యాలయాలతో ఇటువంటి ఒప్పందాలున్నాయి. ఇక్కడి విద్యార్థి ఒక సెమిస్టరు అక్కడ చదువుతాడు, అక్కడి విద్యార్థి ఇక్కడికి వస్తాడు. సాధారణంగా ఎవరి రుసుము వారి సొంత సంస్థకే చెల్లిస్తారు. అక్కడ సంపాదించిన క్రెడిట్లు ఇక్కడి పట్టాలో చేరతాయి. తెలుగులో దీనికి ‘వినిమయం’ అని గంభీరమైన మాట ఉన్నా ‘ఇచ్చిపుచ్చుకోవడం’ అన్నదే సరైన మాట. అందులో ఇవ్వడం ముందుంది. వినిమయంగా ఒక సెమిస్టరుకు వెళ్లేవారు కొద్దిమందే, పూర్తి పట్టా కోసం వెళ్లేవారే ఎక్కువ. భాష విషయంలో ఇద్దరి స్థితీ ఒకటే.

ఐరోపాలో ఎరాస్మస్ పథకం 1987లో పదకొండు దేశాలతో, 3,244 మంది విద్యార్థులతో మొదలైంది. ఆనాటి నుంచీ భాష అందులో ప్రధానాంశం. సంస్థల మధ్య కుదిరే ఒప్పంద పత్రంలో ఏ శాస్త్రానికి ఎందరు, ఎన్ని నెలలు అన్న గళ్ల పక్కనే బోధన భాష ఏది, విద్యార్థికి ఆ భాషలో ఏ స్థాయి ఉండాలి అన్న గళ్లు కూడా ఉంటాయి. 2002లో బార్సిలోనాలో సమావేశమైన ఐరోపా దేశాధినేతలు పిల్లలకు చిన్ననాటి నుంచే మాతృభాషతో పాటు మరి రెండు భాషలు నేర్పాలని తీర్మానించారు. మాతృభాషకు బదులుగా రెండు అనలేదు, మాతృభాషతో పాటు అన్నారు. మన విద్యావేత్తలు విదేశాల నుంచి క్రెడిట్ల పద్ధతిని తెచ్చారు, సెమిస్టర్లను తెచ్చారు. ఈ ఒక్క మాటను మాత్రం అక్కడే వదిలి వచ్చారు.

2022–23 శీతాకాల సెమిస్టరు నుంచి జర్మనీలోని విదేశీ విద్యార్థుల్లో భారతీయులదే మొదటి స్థానం. పాఠాలు ఇంగ్లీషులో చెప్పే కోర్సులు అక్కడ చాలా ఉన్నాయి గనుక జర్మన్ లేకున్నా గడుస్తుందన్న ధైర్యంతో వెళ్లేవారున్నారు. పాఠం గడుస్తుంది, బతుకు గడవదు. గది దొరికిన రెండు వారాల్లోగా పురపాలక కార్యాలయంలో చిరునామా నమోదు చేయించుకోవాలి. బీమా సంస్థ, బ్యాంకు, ఇంటి యజమాని అందరూ ఉత్తరాలు రాస్తారు, జర్మన్‌లో రాస్తారు. గది వెతుక్కోవడానికీ, చిన్న ఉద్యోగానికీ, జ్వరమొస్తే వైద్యుడికి బాధ చెప్పుకోవడానికీ ఆ భాషే కావాలి. ఇవేవీ చేతకాని పిల్లలు ఏం చేస్తారు? నలుగురు తెలుగువారు కలిసి ఒక ఇల్లు తీసుకుంటారు. పప్పూ అన్నం వండుకుంటారు, రాత్రిళ్లు తెలుగు సినిమా చూస్తారు, ఊరితో సంబంధం లేకుండా రెండేళ్లు వెళ్లదీస్తారు. పరాయి చోట తనవారిని వెతుక్కోవడంలో తప్పేమీ లేదు. కాని అది నాలుగు గోడల లోపలి ఊరట మాత్రమే. తలుపు తీసి బయటికి వస్తే మళ్లీ మూగతనమే.

ఈ అలవాటు జర్మనీలో పుట్టింది కాదు, బెంగళూరులోనే బాగా ముదిరింది. మారతహళ్లిలోనో, బీటీఎం లేఅవుట్‌లోనో దిగిన విద్యార్థికి ఆంధ్రా మెస్సు, తెలుగువారి పీజీ, తెలుగు సినిమా ఆడే హాలు నడిచి వెళ్లే దూరంలో ఉంటాయి. కూరగాయలమ్మే మనిషికి తెలుగు వస్తుంది. ఆమె మూడు నాలుగు భాషల్లో బేరమాడుతుంది, చదువుకున్న మనవాడు ఇంగ్లీషూ తెలుగూ కలిపి నెట్టుకొస్తాడు. వీరిద్దరిలో భాషాజ్ఞానం ఎవరికి ఎక్కువో చెప్పనక్కరలేదు. విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కన్నడేతరుల కోసం ‘బళకె కన్నడ’ అన్న పాఠ్యాంశాన్ని పెట్టింది. దానికి ఒక్క క్రెడిట్. విద్యార్థులు దాన్ని గండంగా భావించి గట్టెక్కుతారు. ఇందిరానగరంలో డబ్బు కట్టి నేర్చుకునే భాష ముద్దు, తరగతిలోకి నడిచి వచ్చిన భాష బరువు!

అయినా ఆ పిల్లలనే నిందించడం న్యాయం కాదు. వారిని అలా తయారుచేసింది మనమే. పదిహేనేళ్ల వయసులో ఇంటర్మీడియెట్‌లో చేరేటప్పుడు ‘తెలుగెందుకు, సంస్కృతం తీసుకో, మార్కులొస్తాయి’ అని చెప్పింది కళాశాల, తలూపింది తల్లిదండ్రులు. జవాబులు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసే వీలున్న సంస్కృతమది. ఆ రెండేళ్లలో విద్యార్థికి సంస్కృతం రాలేదు, తెలుగు పోయింది. అంతకన్నా పెద్ద నష్టం మరొకటి జరిగింది. భాష అంటే మార్కులిచ్చే యంత్రమన్న భావం నాటుకుంది. ఆ భావంతో వచ్చినవాడికి కన్నడం పనికిరానిదిగానూ, వీసాకూ కొలువుకూ ఉపకరించే జర్మన్ పనికొచ్చేదిగానూ కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

కన్నడం నేర్చుకోవడానికి తెలుగువాడికి పట్టే శ్రమ ఎంత? హాలు మన పాలు, హులి మన పులి, హూవు మన పువ్వు, హణ్ణు మన పండు, హంది మన పంది. పాత కన్నడంలోని పకారం కాలక్రమంలో హకారమైందన్న ఒక్క సూత్రం తెలిస్తే వందల మాటలు చేతికి అందుతాయి. ఇంగ్లీషు ‘వాటర్’ జర్మన్‌లో ‘వాసర్’, ‘షిప్’ అక్కడ ‘షిఫ్’ అని జర్మన్ తరగతిలో వింటే పిల్లలు శ్రద్ధగా రాసుకుంటారు. తన భాషకూ పక్క భాషకూ మధ్య ఉన్న ఇటువంటి చుట్టరికాన్ని వారికి ఎవరూ చూపలేదు. లిపులు రెండూ ఒకే మూలం నుంచి చీలినవి. తెలుగు చదవగలిగినవాడు పట్టుమని పది రోజులు కూర్చుంటే బెంగళూరు బస్సుల మీది బోర్డులు చదవగలడు. తెలుగు చదవడమే రానివాడికి ఆ దారి కూడా మూసుకుపోయింది. ఒకే వేరు అన్నది ఇందుకే.

నామఫలకాల మీద 60 శాతం కన్నడం ఉండాలని 2024లో కర్ణాటక చట్టాన్ని సవరించినప్పుడు మనవారిలో కొందరు విసుక్కున్నారు. హైదరాబాదులో, విశాఖలో దుకాణాల పేర్లు తెలుగులో రాయాలని అడుగుతున్న ఉద్యమం మనది. అక్కడ హక్కు అయినది ఇక్కడ దౌర్జన్యం ఎలా అవుతుంది? అయితే భాష రాలేదని ఆటో నడిపేవాడి మీదో, కొత్తగా వచ్చిన విద్యార్థి మీదో చేయి చేసుకునేవారిని మాత్రం ఏ భాషోద్యమమూ తనవారని చెప్పుకోకూడదు.

చదువుకోసం ఈ దారిన వెళ్లినవారిలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారిని తలచుకోవాలి. 1893లో అనంతపురం జిల్లా రాళ్లపల్లిలో పుట్టి, చిన్నతనంలోనే మైసూరు చేరి పరకాల మఠంలో సంస్కృతం చదువుకున్నారు. కట్టమంచి రామలింగారెడ్డి గారి చొరవతో 1912లో మహారాజా కళాశాలలో తెలుగు బోధకులయ్యారు, 1949 దాకా కొనసాగారు. వేమన మీద తెలుగులో ప్రసిద్ధ ఉపన్యాసాలిచ్చిన ఆ పండితుడే ‘గానకలె’, ‘సాహిత్య మత్తు జీవనకలె’ అన్న గ్రంథాలను కన్నడంలో రాశారు. 1979లో బెంగళూరులో కన్నుమూశారు. కన్నడిగులు ఆయనను పరాయివాడనలేదు, తెలుగువారు ఆయన కన్నడంలో కలిసిపోయాడనలేదు. ఆయన దగ్గర ఇవ్వడానికి తెలుగు ఉంది, పుచ్చుకోవడానికి మనసు ఉంది.

ఇక బెంగళూరులోనే పుట్టి పెరిగిన తెలుగు పిల్లల సంగతి. 2011 జనాభా లెక్కల్లో కర్ణాటకలో తెలుగు తమ మాతృభాష అని చెప్పినవారు 35 లక్షల పైచిలుకు. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతోంది. కర్ణాటక పదో తరగతిలో మొదటి భాషగా తెలుగు తీసుకునే వీలుంది. 2015 చట్టం కన్నడాన్ని మొదటి లేదా రెండో భాషగా తప్పనిసరి చేసింది గనుక తెలుగు మొదటిది, కన్నడం రెండోది, ఇంగ్లీషు మూడోది అనే అమరికకు అడ్డేమీ లేదు. బార్సిలోనాలో కోరుకున్నదీ ఇదే. అయినా తల్లిదండ్రులు ఇంగ్లీషును మొదట పెట్టి, కన్నడం తప్పదు గనుక రెండోది చేసి, మూడో చోట హిందీనో సంస్కృతాన్నో ఎంచుకుంటున్నారు. బోధనా మాధ్యమం ఎంపిక తల్లిదండ్రులదేనని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు చెప్పాక ప్రభుత్వాన్ని నిలదీసే వీలు తగ్గింది. అడగవలసింది ఇళ్లకు వెళ్లి తల్లిదండ్రులనే.

బెంగళూరులో తెలుగు సంఘాలకు కొరత లేదు. ఉగాదికి కవిసమ్మేళనం, కార్తికంలో వనభోజనం, సినిమా తారకు సన్మానం జరుగుతూనే ఉన్నాయి. వాటి ఖర్చులో పదో వంతు పెట్టినా ప్రతి పేటలో ఆదివారం చదవడం, రాయడం నేర్పే తరగతి నడపవచ్చు. జర్మన్‌కు ఎ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లున్నాయి. ఏ మెట్టు ఎక్కితే ఏం చేయగలడో స్పష్టంగా ఉంటుంది. తెలుగుకూ అటువంటి మెట్లు ఏర్పరచి పరీక్షలు జరపాలి. అమెరికాలో సిలికానాంధ్ర మనబడి పిల్లలు హైదరాబాదు తెలుగు విశ్వవిద్యాలయం పరీక్షలు రాసి యోగ్యతా పత్రాలు అందుకున్నారు. కాలిఫోర్నియా దాకా వెళ్లగలిగిన పరీక్ష హిందూపురం దాటి బెంగళూరు పేటలన్నింటికీ చేరలేదా? ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రెండూ ఇందుకు బాధ్యత తీసుకోవాలి. ఆ పత్రానికి కర్ణాటకలోని కళాశాలలు ఒకటి రెండు క్రెడిట్లు ఇచ్చేలా ఇక్కడి ప్రభుత్వంతో మాట్లాడాలి.

కళాశాలలను అడగవలసింది మరొకటి ఉంది. విదేశీ సంస్థలతో కుదుర్చుకునే వినిమయ ఒప్పందాల్లో భాషకు కేటాయించిన గడిలో ‘ఇంగ్లీషు’ అని రాసి వదిలేయకూడదు. ఇక్కడికి వచ్చే విద్యార్థికి కన్నడం నేర్పుతామనీ, కోరితే తెలుగు, తమిళం, ఉర్దూ కూడా నేర్పుతామనీ రాయాలి. మన విద్యార్థుల చేత ఆ పాఠాలు చెప్పించాలి. కొలోన్ నుంచో, లియాన్ నుంచో వచ్చినవాడికి మొదటి రోజు తెలుగు అక్షరాల్లో అతని పేరు రాసి ఇవ్వగల విద్యార్థులు ఎందరున్నారో ప్రతి కళాశాలా వచ్చే విద్యాసంవత్సరం మొదట్లోనే లెక్క తీయాలి.