టీకా మంచిదే, సంతకం ఎవరిది?

ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 2009 జూలైలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గార్డసిల్ అనే కొత్త టీకా వేయడం మొదలుపెట్టారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్‌ను అడ్డుకునే టీకా అది. దాదాపు 14 వేల మందికి సూది పడింది. వారిలో చాలామంది ఇల్లు వదిలి హాస్టళ్లలో చదువుకుంటున్న గిరిజన పిల్లలు. అమెరికాకు చెందిన పాత్ సంస్థ, ఐసీఎంఆర్, అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి నడిపిన ప్రాజెక్టు ఇది. నిధులు గేట్స్ ఫౌండేషన్‌వి. గుజరాత్‌లోని వడోదర జిల్లాలోనూ ఇంకో కంపెనీ టీకాతో ఇదే పని సాగింది.

ఏడాది తిరగకముందే, 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది. రెండు జిల్లాల్లో కలిపి ఏడుగురు బాలికలు చనిపోయారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణలు తేల్చాయి. 2013 ఆగస్టులో వచ్చిన పార్లమెంటరీ స్థాయీ సంఘం నివేదిక మాత్రం మరణాలపై లోతుగా విచారించలేదని తప్పుపట్టింది.

ఆ నివేదికలో ఉన్న అంగీకార పత్రాల లెక్క చూస్తే ఎవరికైనా కడుపు రగులుతుంది. రాష్ట్రంలో పరిశీలించిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి. మరో 2,763 మీద హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అంటే ప్రతి పది మంది పిల్లల్లో దాదాపు ముగ్గురి విషయంలో సరేనన్నది కన్నవాళ్లు కాదు. వేలిముద్ర వేసిన అమ్మానాన్నలకైనా ఆ కాగితంలో ఏముందో ఎవరైనా చదివి వినిపించారా? పిల్లల చేతికిచ్చిన టీకా కార్డులు ఇంగ్లీషులో ఉన్నాయి. సూది పడ్డాక ఒంట్లో ఏదైనా తేడా వస్తే వెంటనే నిపుణులైన డాక్టర్లు చూసే ఏర్పాటూ లేదు. ఇది క్లినికల్ ట్రయల్ కాదని, ఆమోదం పొందిన టీకాను ఎలా అందించాలో చూసే ప్రాజెక్టు మాత్రమేనని నిర్వాహకులు వాదించారు. పేరు ఏది పెట్టుకున్నా సూది దిగింది పిల్లల ఒంట్లోకే. వాళ్ల అమ్మానాన్నలను ముందుగా అడగడం కనీస మర్యాద.

ఇంతకూ ఆ టీకా చెడ్డదా? కానే కాదు. 12, 13 ఏళ్ల వయసులో పూర్తిగా టీకా తీసుకున్న స్కాట్లాండ్ అమ్మాయిల్లో ఒక్కరికీ ఈ క్యాన్సర్ రాలేదని 2024లో ఒక అధ్యయనం వెల్లడించింది. ఒక్క డోసు కూడా సరిపోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. మన దేశంలో తయారైన సెర్వావాక్ 2023లో వచ్చింది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని 2024 మధ్యంతర బడ్జెట్‌లో కేంద్రం ప్రకటించింది. ముఖద్వార క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్న ఆడవాళ్లు దేశంలో నూటికి ఇద్దరు కూడా లేరని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతోంది. ఇలాంటి చోట ఈ టీకా ప్రాణాలు కాపాడుతుంది. ఖమ్మంలో జరిగిన పెద్ద నష్టం ఇదే: అడగకుండా వేసిన సూది మంచి మందును కూడా అనుమానాల పాలు చేసింది.

ఆ తప్పు మళ్లీ ఎలా జరగొచ్చో తెలియాలంటే నిజామాబాద్ జిల్లా ధర్పల్లి వైపు చూద్దాం. ఇక్కడా, పక్కనున్న సిరికొండ, ఇందల్వాయి తండాల్లోనూ ఇలాంటి ఇళ్లు ఎన్నో. తండ్రి దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. తల్లి ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ పొద్దంతా బీడీలు చుడుతుంది. బిడ్డ గురుకులంలోనో హాస్టల్‌లోనో చదువుతుంటుంది. కార్ఖానా కాగితమైనా, పీఎఫ్ ఫారమైనా, సంఘం లోను పత్రమైనా చూపించిన చోట నిశాని వేయడం ఆ తల్లికి అలవాటు. రేపు బడి నుంచి టీకా కాగితం వచ్చినా అలాగే వేస్తుంది. లేదంటే ఆమెదాకా రాకుండానే, తల్లి పనిలో ఉంది, తండ్రి ఊళ్లో లేడు అంటూ ఎవరో ఒకరు సంతకం కానిచ్చేస్తారు.

ఇప్పుడు నిశానికి తోడు ఓటీపీ వచ్చింది. "ఫోన్‌కు నంబర్ వచ్చింది, చెప్పమ్మా" అంటే చెప్పేస్తారు. ఆ అంకెలతో పిల్ల ఆరోగ్య వివరాలు డిజిటల్ ఖాతాలోకి చేరుతున్నాయని ఆ తల్లికి ఎవరూ చెప్పరు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అంగీకారం ఉండాలని 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం అంటోంది. దేనికి ఒప్పుకుంటున్నారో తెలియకుండా చెప్పిన ఓటీపీ అంగీకారం ఎలా అవుతుంది?

ఖమ్మం అనుభవం తర్వాత నిబంధనలు కొంత గట్టిపడ్డ మాట నిజం. కొన్ని కొత్త మందుల ట్రయల్స్‌లో నిస్సహాయ వర్గాల నుంచి అంగీకారం తీసుకునేటప్పుడు వీడియో తీయాలని 2019 నిబంధనలు చెబుతున్నాయి. అయితే అవి ట్రయల్స్‌కే. బడిలో నడిచే మామూలు టీకా కార్యక్రమానికి ఆ కాపలా లేదు.

చేయాల్సిన పని కష్టమైనదేమీ కాదు. కాగితం తెలుగులో ఉండాలి. తండాలో ఏఎన్‌ఎం, ఆశా కార్యకర్త దాన్ని లంబాడీ భాషలో చదివి వినిపించాలి. పిల్లల్ని చూడటానికి పెద్దలు హాస్టల్‌కు వచ్చే ఆదివారం అక్కడే డాక్టర్‌ను కూర్చోబెట్టి ప్రశ్నలకు జవాబులు చెప్పించాలి. దుబాయిలో ఉన్న తండ్రికి వీడియో కాల్ కలపడం పది నిమిషాల పని. వద్దన్న వారిని కసరకుండా, ఆలోచించుకోమని గడువు ఇవ్వాలి. ఏ రాత్రయినా ఎత్తే ఒక ఫోన్ నంబర్ కార్డు మీద తెలుగులో రాయాలి. పన్నెండేళ్ల పిల్లకూ విషయం చెప్పాలి, ఆమె మాటా వినాలి.

వార్డెన్లు ఈ బాధ్యతను తమ నెత్తిన వేసుకోవద్దు. పైనుంచి ఒత్తిడి వస్తే, తల్లి సంతకం లేకుండా కుదరదని చెప్పండి. అమ్మలూ, బాపులూ, బిడ్డకు టీకా తప్పకుండా వేయించండి. ముందు కాగితం చదివించుకోండి, అర్థం కానిది నిలదీసి అడగండి, ఆ తర్వాత మీ చేత్తో మీరే సంతకం పెట్టండి.